పరీక్ష లేని చదువు కూడా మన హక్కే



ఈ గ్రూపులో పొడవాటి పోస్టులు రాసే వాళ్లం మేము కొందరం ఉన్నాం. కరపత్రం కావాలన్నా, పీవో గారికి వినతిపత్రం కావాలన్నా, ఆగస్టు 9కి వ్యాసం కావాలన్నా మీరు మాకే ఫోన్ చేస్తారు. మాలో కొందరం కథలు, కవితలు కూడా రాస్తున్నాం. రాసేవాళ్లం కాబట్టి బాగా చదువుతామని మీరు అనుకుంటారు. చదువుతాం, నిజమే. జీవోలు చదువుతాం, తీర్పులు చదువుతాం, కరెంట్ అఫైర్స్ చదువుతాం. కానీ ఏ అవసరమూ లేకుండా, ఇష్టంగా, ఒక నవల పట్టుకుని చివరిదాకా చదవడం మాలో చాలామందికి ఇప్పుడు చేతకావడం లేదు. నాలుగు పేజీలు దాటేసరికి మనసు పక్కకు పోతోంది. ఇది చిన్న విషయం కాదని, మన అందరికీ సంబంధించిన విషయమని చెప్పడానికే ఈ పోస్టు.

అసలు చదువు మన దగ్గరికి ఎలా వచ్చిందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఇంట్లో కోయ, గోండి, కువి, సవర. ఆశ్రమ పాఠశాలలో పుస్తకం తెలుగు. ఆ తెలుగు కూడా మన ఊరి సంతలో వినిపించే తెలుగు కాదు. ఒక్కో వాక్యాన్ని గుట్ట ఎక్కినట్టు ఎక్కాం. అది అలవాటయ్యేలోపు ఇంగ్లీషు వచ్చింది. పొద్దున గంట కొడితే స్టడీ అవర్, సాయంత్రం గంట కొడితే స్టడీ అవర్. పుస్తకం అంటే వెనకాల ప్రశ్నలు ఉండేదనే మనకు తెలుసు. మేము చదివిన ఒక హాస్టల్లో కథల పుస్తకాలు కూడా ఉండేవి. బీరువాలో, తాళం వేసి. స్టాకు రిజిస్టర్‌లో మాత్రం వాటి లెక్క సరిగ్గా ఉండేది.

ఆ తర్వాత డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్. కోచింగ్‌లో పుస్తకం విలువ దాంట్లో ఎన్ని బిట్లు దొరుకుతాయన్న దాన్నిబట్టి ఉంటుంది. మన భూమికి కాపలా ఉన్న 1/70 చట్టం ఒక బిట్టు. 1996 పెసా ఒక బిట్టు. 1997 సమతా తీర్పు ఒక బిట్టు. 2006 అటవీ హక్కుల చట్టం ఒక బిట్టు. మన టీచర్ ఉద్యోగాలకు ఆధారమైన 2000 నాటి జీవో నెంబర్ 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేస్తే, ఆ బాధ కూడా చివరికి మనకు ఒక తేదీగా మిగిలింది. కొమురం భీము ప్రాణం పోసిన జోడేఘాట్ కూడా "1940" అని టిక్కు పెట్టే జవాబైపోయింది. ఇలా చదవడం తప్పని మేము అనడం లేదు. ఉద్యోగం కావాలి, ఇంటికి డబ్బు పంపాలి. కాకపోతే పదేళ్లు ఇలాగే చదివితే కళ్లకు అదే అలవాటవుతుంది. ఎదురుగా కథ ఉన్నా అందులో బిట్టు వెతుకుతాయి.

రాయడం మొదలుపెడితే ఇది తగ్గుతుందని అనుకుంటాం. నిజానికి ఇంకా పెరుగుతుంది. పుస్తకం తెరవగానే "దీంట్లో నా పోస్టుకు పనికొచ్చే లైను ఏదైనా ఉందా?" అని చెయ్యి పెన్సిల్ మీదికి పోతుంది. బాగా రాసిన పేజీ కనిపిస్తే సంతోషం బదులు "మనం ఇలా రాయలేకపోతున్నామే" అని దిగులు. ఇవి రాసేవాళ్లు ఎవరికైనా ఉండేవే. మనకు మాత్రమే ఉన్నది ఇంకొకటుంది. అది కాపలా.

తెలుగు కథలో ఒక ఆదివాసీ పాత్ర రాగానే మన భుజాలు బిగుసుకుంటాయి. ఇప్పుడు వీడిని ఏం చేస్తారు? అమాయకుడిని చేస్తారా? డోలు ఇచ్చి డాన్స్ ఆడిస్తారా? పట్నం నుంచి ఎవరో వచ్చి కాపాడతారా? మన అమ్మాయి ఒంటి మీద బట్ట గురించి ఎన్ని లైన్లు రాస్తారు? ఇలా కాపలా కాస్తూనే కథ మొత్తం అయిపోతుంది. ఈ కాపలా ఊరికే రాలేదు, మన అనుభవం నేర్పింది. దాన్ని వదిలేయమని మేము అనం. కానీ రాత్రంతా చేను కాసేవాడు కూడా మంచె మీద కాసేపు కునుకు తీస్తాడు. మనకు ఆ కునుకు కూడా లేకుండా పోయింది.

మన వాళ్లు రాసిన పుస్తకాలకు కూడా ఇదే గతి పడుతోంది. సంతాల్ రచయిత హాంస్‌దా సౌవేంద్ర శేఖర్ కథల పుస్తకం 'ది ఆదివాసీ విల్ నాట్ డాన్స్' 2015లో వచ్చింది. సంతాల్ స్త్రీలను కించపరిచారని గొడవ జరిగి 2017 ఆగస్టులో జార్ఖండ్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది, డిసెంబర్‌లో ఎత్తేసింది. గొడవంతా ముఖ్యంగా ఒక్క కథ చుట్టూ తిరిగింది. ఎవరిది న్యాయం అన్నది వేరే చర్చ. మేము చెప్పేది ఏంటంటే, ఒకసారి పుస్తకం కేసు ఫైలు అయ్యాక దాన్ని కథగా చదవడం చాలా కష్టం. అటు వాళ్లకూ, ఇటు వాళ్లకూ.

ఇక్కడ కొందరు అన్నలు అడుగుతారు: "పోడు పట్టాలు రాలేదు, రోడ్డు లేక గర్భిణులను డోలీలో మోస్తున్నాం, మీకు ఆనందం కోసం చదువు కావాలా?" గట్టి ప్రశ్నే. మా జవాబు ఇది. కథ విని ఆనందపడటం మనకు పట్నం నేర్పింది కాదు. గోండుల దగ్గర పర్ధాన్లు కిక్రీ పట్టుకుని పూర్వీకుల కథలు పాడతారు. కోయల దగ్గర డోలీలు పడిగె విప్పి వేల్పుల కథ చెబుతారు. వినేవాళ్లకు గోత్రం తెలుస్తుంది, చరిత్ర తెలుస్తుంది, నవ్వూ ఏడుపూ వస్తాయి. కథ అయిపోయాక ఎవరూ బిట్లు అడగరు. అయినా అది తరతరాలు గుర్తుంది. మన దగ్గర ఆనందం, జ్ఞానం వేరువేరు బీరువాల్లో ఉండేవి కావు. కష్టాలు తీరాక కథలు విందామని మన పెద్దలు ఆగి ఉంటే మన దగ్గర ఇవాళ ఒక్క కథ కూడా మిగిలేది కాదు.

రెండో మాట. ఇష్టంగా చదవడం పోతే రాత కూడా ఎండిపోతుంది. అర్జీలు ఎక్కువ చదివే చేతికి అర్జీ భాషే వస్తుంది. "కావున తమరు దయతో" అన్న వాసన కథల్లోకి కూడా వచ్చేస్తుంది. అవ్వ మాట్లాడినా కరపత్రంలా మాట్లాడుతుంది. మన బతుకు గురించి మనమే రాయాలని అంటున్నాం కదా, ఆ రాత ఎవరైనా రాత్రి దీపం పెట్టుకుని చదివేలా ఉండాలంటే, రాసేవాడు అలాంటి పుస్తకం ఒకటి మైమరచి చదివి ఉండాలి.

మరి ఏం చేస్తున్నాం? కొన్ని నెలలుగా మేము ఐదారుగురం కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. చదివేటప్పుడు పెన్సిల్ పక్కన ఉండదు. ఫోన్ ఇంకో గదిలో ఉంటుంది. నచ్చకపోతే ముప్పై పేజీల దగ్గర మూసేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. అన్నిటికంటే ముఖ్యంగా, మన గురించి కాని పుస్తకాలు చదువుతున్నాం. మధుబాబు షాడో నవలలు, పాత చందమామలు. చందమామ కొంతకాలం సంతాలీలో కూడా వచ్చింది తెలుసా? బేతాళుడి కథ చదువుతుంటే కాపలా కాయాల్సిన పని లేదు. భుజాలు వదులవుతాయి.

ఇంకొకటి, పైకి చదవడం. ఒకరు తెలుగులో చదువుతారు, మధ్యమధ్యలో ఆపి కోయలో చెబుతారు, మిగతావాళ్లు వింటారు. ఒంటరిగా నాలుగు పేజీలు దాటని వాళ్లం గుంపులో నలభై పేజీలు విన్నాం. 'ఏడు తరాలు' అలాగే చదివాం, అలెక్స్ హేలీ పుస్తకానికి సహవాసి గారి తెలుగు. అందులో హేలీ తన మూలాలు వెతుక్కుంటూ ఆఫ్రికాలో గాంబియా దాకా పోతాడు. అక్కడ గ్రియో అనే వంశకథకుడు కుంటా కింటే వంశాన్ని నోటితో వరసగా చెప్పుకుంటూ వస్తాడు. అది వినగానే మాలో ఒక తమ్ముడు "అన్నా, వీళ్లకూ పర్ధాన్లు ఉన్నారే!" అని గట్టిగా అరిచాడు. ఆ ముక్క ఏ పరీక్షలోనూ రాదు. కానీ ఎవరమూ మర్చిపోం. ఇక సాహు, అల్లం రాజయ్య రాసిన 'కొమురం భీము' నవలను ఇప్పుడు బిట్ల కోసం కాకుండా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం.

అంతా బాగైపోయిందని చెప్పం. కొందరికి ఇంకా కుదరడం లేదు. నోటిఫికేషన్ పడితే మళ్లీ అందరం బిట్లలోకే పోతాం. చదువుతూ చదువుతూ "దీని మీద పోస్టు రాయొచ్చు" అన్న ఆలోచన ఇప్పటికీ వస్తూనే ఉంది.

అందుకే రెండు మాటలతో ముగిస్తున్నాం. ఒకటి, హాస్టళ్లలో, గురుకులాల్లో ఉన్న మన తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం సంఘం తరఫున అడగాల్సిన డిమాండ్లలో ఇది కూడా చేర్చాలి: కథల పుస్తకాల బీరువా తాళం తీయాలి, వారంలో ఒక గంట ప్రశ్నలు అడగని చదువు ఉండాలి. మెస్ బిల్లు, దుప్పట్ల పక్కన ఇది కూడా రాయండి, సిగ్గుపడాల్సిన పని లేదు. మన పిల్లలకు అన్నంతో పాటు కథ కూడా హక్కే.

రెండు, ఈ నెల మీరందరూ ఏదో ఒక పుస్తకం పనిలేకుండా చదవండి. రివ్యూ రాయకండి. సారాంశం అసలే వద్దు. ఎక్కడ నవ్వొచ్చిందో, ఏ పేజీ దగ్గర అన్నం చల్లారిపోయిందో అది మాత్రం మాకు చెప్పండి.

జై ఆదివాసీ.