బీదల ఆస్పత్రిలో ఎనిమిది రోజులు

1522 మార్చిలో స్పెయిన్‌లోని మన్రేసాకు కుంటుకుంటూ వచ్చాడు ఇగ్నేషియస్ లొయోలా. విజయవాడ ఆంధ్ర లొయోలా కాలేజీకి పేరిచ్చిన లొయోలా ఈయనే. అంతకు ముందు ఏడాది పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు ఆయన కాలు విరగ్గొట్టింది. మన్రేసాలో ఆయన తలదాచుకున్నది శాంతా లూసియా అనే బీదల ఆస్పత్రిలో. పగలు బిచ్చమెత్తడం, రోగులకు సేవ చేయడం. అక్కడి ప్రార్థన మందిరంలో ఎనిమిది రోజులు ఒంటిమీద స్పృహ లేకుండా పడి ఉన్నాడట. పోయాడనుకుని పాతిపెట్టబోతే ఎవరో గుండె చప్పుడు గమనించారట! కథకు మెరుగులు పడ్డాయేమో గానీ నాకు నచ్చింది. ఆ ఊరి గుహలో ఆయన రాసుకున్న ధ్యాన పద్ధతికి 1548లో పోప్ మూడో పాల్ ఆమోదం దొరికింది. కథోలిక ధ్యాన కేంద్రాలెన్నో నేటికీ దాన్నే అనుసరిస్తాయి. ఆస్పత్రి పోయింది. గుహ దగ్గర ఆయన స్థాపించిన జెస్యూట్ సభవారి ధ్యాన నిలయం నడుస్తోంది. ఆ ఎనిమిది రోజుల గుర్తుగా చిన్న మందిరం మిగిలింది.