పఫ్ ప్యానెల్ పైకప్పు: ఎండను ఆపుతుంది సరే.. కాకినాడ గాలికి ఆగుతుందా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో రేకుల షెడ్డు కింద పనిచేసేవాళ్లను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. పైన ఫ్యాన్ తిరుగుతుంటుంది.. వేడి గాలే కొడుతుంటుంది. ఉక్కపోతకు పేరున్న కాకినాడలో ఈ బాధ ఇంకాస్త ఎక్కువ. అందుకే ఇప్పుడు షెడ్డు వేద్దామనుకున్నవాళ్ల నోట పఫ్ ప్యానెల్ మాట వినిపిస్తోంది. రొయ్యల ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీల్లో ఎప్పటి నుంచో ఉన్న ఈ ప్యానెల్.. షోరూమ్‌లు, ఫంక్షన్ హాళ్లు, డాబా మీద అదనపు గదుల దాకా వచ్చేసింది.

వేడిని ఆపడంలో దీనికి వంక పెట్టలేం. కానీ కాకినాడ లాంటి ఊళ్లో పైకప్పుకు పరీక్ష ఎండ ఒక్కటే కాదు.. తుపాను గాలి, ఉప్పు గాలి, నిప్పు కూడా ఉన్నాయి. చదరపు అడుగు రేటు ఎంత అని మాత్రమే బేరమాడి కొంటే ఈ మూడింటి దగ్గరే దెబ్బతింటాం. ఎలాగో చూద్దాం.

అసలు ఈ ప్యానెల్‌లో ఏముంది?

పైన ఒక రంగు రేకు, కింద ఒక రంగు రేకు, మధ్యలో నురుగు లాంటి పదార్థం. అంతే.. సాండ్‌విచ్ లాగా ఉంటుంది కాబట్టి సాండ్‌విచ్ ప్యానెల్ అని కూడా అంటారు. మధ్యలో ఉండేది పాలీయురేథేన్ ఫోమ్ అయితే అదే పఫ్. దాన్నే కాస్త మార్చి, మంటను ఎక్కువసేపు తట్టుకునేలా చేసింది పీఐఆర్. రాతిని కరిగించి దారాలుగా తీసి చేసేది రాక్‌వూల్. ఇక అన్నిటికంటే చవకది మనందరికీ తెలిసిన థర్మాకోల్.

బయటి నుంచి చూస్తే నాలుగూ ఒకేలా కనిపిస్తాయి. మోసం జరిగేది ఇక్కడే. వేడిని ఆపడంలో మంచి పఫ్ 50 మిల్లీమీటర్లు చేసే పని చేయాలంటే థర్మాకోల్ దాదాపు 75 మిల్లీమీటర్ల మందం ఉండాలి. పైగా థర్మాకోల్ వంద డిగ్రీల దగ్గరే మెత్తబడి, కరిగిపోవడం మొదలవుతుంది.

వేడి లెక్క ఇదీ..

వెయ్యి చదరపు అడుగుల షెడ్డు అనుకుందాం. మిట్టమధ్యాహ్నం రేకు 65 డిగ్రీలకు కాలింది. లోపల 30 డిగ్రీలు ఉంచాలనుకుంటున్నాం. పైన ఒంటి రేకు మాత్రమే ఉంటే ఆ సమయంలో పైకప్పు నుంచి దిగే వేడి సుమారు 19 కిలోవాట్లు. దాన్ని తోడేయడానికే ఐదున్నర టన్నుల ఏసీ కావాలి. అదే 50 ఎంఎం పఫ్ ప్యానెల్ వేస్తే దిగే వేడి ఒకటిన్నర కిలోవాట్లలోపే. అర టన్ను ఏసీ కూడా అక్కర్లేదు.

ఇది పైకప్పు లెక్క మాత్రమే. గోడలు, కిటికీలు, లోపలి మనుషులు, మెషీన్ల వేడి వేరే. అయినా తేడా ఎంతో అర్థమవుతోంది కదా! ఒంటి రేకు కంటే ప్యానెల్ ధర రెండింతలకు పైనే ఉంటుంది. ఏసీ నడిచే షాపు, హోటల్, ఆఫీసు అయితే ఆ తేడా కరెంటు బిల్లులో తిరిగొస్తుంది. ఏసీ లేని గోడౌన్‌లో మాత్రం బిల్లు రూపంలో ఏమీ రాదు. అక్కడ మిగిలేది కూలీల ఒంటికి ఊరట, సరుకుకు రక్షణ. శీతాకాలం తెల్లవారుజామున రేకు కింద చెమ్మ పట్టి సరుకు మీద బొట్లు బొట్లుగా పడే బెడద కూడా ప్యానెల్‌తో చాలావరకు తగ్గుతుంది.

రొయ్యల వ్యాపారంలో అయితే ఇది సౌకర్యం కాదు, తప్పనిసరి అవసరం. గడ్డకట్టించిన రొయ్యను మైనస్ 18 డిగ్రీలు, అంతకంటే తక్కువలో నిల్వ చేయాలి. బయట 38 డిగ్రీలుంటే లోపలికీ బయటికీ తేడా 56 డిగ్రీలు! అందుకే అక్కడ 100 నుంచి 150 ఎంఎం మందం వాడతారు. ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ మధ్య అతుకు సరిగా మూయకపోతే తేమ లోపలికి దూరి మంచుగా మారుతుంది. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడి నుంచే అసలు చిక్కు: గాలి

ఐదంగుళాల శ్లాబు బరువు చదరపు మీటరుకు 300 కిలోలకు పైనే. అదే 50 ఎంఎం పఫ్ ప్యానెల్ బరువు 10 నుంచి 12 కిలోలే. తేలిక కాబట్టి పునాది ఖర్చు తగ్గుతుంది, పని రోజుల్లో అయిపోతుంది. బాగుంది. కానీ తుపాను వచ్చినప్పుడు ఆ తేలికతనమే శత్రువు. శ్లాబు తన బరువుతోనే కూర్చుంటుంది. ప్యానెల్‌ను పట్టి ఉంచేది స్క్రూ ఒక్కటే.

గాలి పైకప్పును కిందికి నొక్కుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పైకి లాగేస్తుంది. భవనాల మీద గాలి బరువు లెక్కగట్టే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం కాకినాడ తీరానికి ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు.. అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరు మీద పడే శక్తి సుమారు 150 కిలోలు. ప్యానెల్ బరువు పన్నెండు కిలోలే. మిగతా భారమంతా ఎవరు మోయాలి? స్క్రూలు, వాటి కింద ఉండే పర్లిన్ పైపులు, ఆ పైపుల వెల్డింగు.

పర్లిన్లు మీటరున్నర దూరంలో ఉండి, అడుగుకో స్క్రూ బిగిస్తే ఒక్కో స్క్రూ మీద దాదాపు 65 కిలోల లాగుడు పడుతుంది. స్క్రూలు ఆదా చేద్దామని అడుగున్నరకు ఒకటి బిగిస్తే అది వంద కిలోలకు చేరుతుంది. అంచులు, మూలలు, శిఖరం దగ్గర గాలి గుంజుడు ఇంకా ఎక్కువ. పైకప్పు ఎగిరిపోవడం సాధారణంగా మూల నుంచే మొదలవుతుంది. ఒక మూల లేచిందంటే గాలి లోపలికి దూరుతుంది. ఇక కింద నుంచి తోపు, పై నుంచి లాగుడు.. మిగతాది నిమిషాల పని.

2015లో సవరించిన ఈ ప్రమాణంలో తూర్పు తీరానికి ప్రత్యేక నిబంధన ఒకటి ఉంది. సముద్రం నుంచి 60 కిలోమీటర్ల లోపు కట్టే పరిశ్రమల షెడ్లకు గాలి వేగాన్ని 15 శాతం పెంచి లెక్కగట్టాలి. వేగం 15 శాతం పెరిగితే ఒత్తిడి 32 శాతం పెరుగుతుంది. ఆసుపత్రులు, తుపాను షెల్టర్ల లాంటి వాటికి వేగాన్నే 30 శాతం పెంచాలి. సముద్రం ఒడ్డునే ఉన్న కాకినాడకు, వాకలపూడి పారిశ్రామిక ప్రాంతానికి, ఉప్పాడ వైపు వెళ్లే దారిలోని షెడ్లకు ఇది వర్తిస్తుంది. మీ షెడ్డు డిజైన్‌లో ఈ లెక్క ఉందా? అడిగి చూడండి.

మొంథాకు ఏమీ కాలేదు కదా అంటే..

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను కాకినాడకు దక్షిణాన, నరసాపురం సమీపంలో తీరం దాటింది. అప్పుడు వాతావరణ శాఖ చెప్పిన గాలి వేగం గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, ఉద్ధృతంగా 110 వరకు. "అంత తుపానుకే మా షెడ్డు చెక్కుచెదరలేదు" అనే ధీమా చాలామందికి రావచ్చు. ఇది ప్రమాదకరమైన ధీమా. గాలి ఒత్తిడి వేగంతో పాటు నేరుగా పెరగదు.. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. 110 కిలోమీటర్ల గాలి కంటే 180 కిలోమీటర్ల గాలి శక్తి రెండున్నర రెట్లకు పైనే. అంటే మొంథా ఈ పైకప్పులకు అసలు పరీక్ష పెట్టనే లేదు.

అసలు పరీక్ష ఎలా ఉంటుందో మన జిల్లా పెద్దవాళ్లకు తెలుసు. 1996 నవంబర్ 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమను, చుట్టుపక్కల మండలాలను ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు ఏకంగా విమానాశ్రయం టెర్మినల్ పైకప్పే చెదిరిపోయింది. కొన్ని రోజుల పాటు విమానాలు ఆగిపోయాయి. ఇంజినీర్లు కట్టిన ఎయిర్‌పోర్టుకే ఆ గతి పడితే, కొలతల్లేకుండా వెల్డర్ చేత వేయించిన మేడపై గది సంగతేంటి? ఎగిరిన ప్యానెల్ ఆ ఇంటివాళ్లకే కాదు, వీధిలో వాళ్లకూ కత్తే.

ఉప్పు గాలి చేసే పని కంటికి కనపడదు

ప్యానెల్ పదేళ్లు బాగుండొచ్చు. స్క్రూ తల మాత్రం మూడో ఏడాదికే తుప్పు పట్టొచ్చు. సముద్రం దగ్గర ఇది మామూలే. తుప్పు పట్టిన స్క్రూ చూడ్డానికి స్క్రూలాగే ఉంటుంది, పట్టు మాత్రం ఉండదు. రబ్బరు వాషర్ ఎండకు పగిలితే నీరు దిగి లోపలి నురుగును, పర్లిన్ పైపును తినేస్తుంది. రేకును కోసిన అంచుల దగ్గర పూత ఉండదు కాబట్టి తుప్పు అక్కడే మొదలవుతుంది.

అందుకే తీరంలో జింక్ పూత ఒక్కటే ఉన్న రేకు కంటే అల్యూమినియం-జింక్ పూత ఉన్న రేకు మేలు. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి గానీ, మందపాటి పూత ఉన్నవి గానీ వాడాలి. ప్రతి ఏటా అక్టోబరు తుపానుల సీజన్‌కు ముందే ఒకసారి పైకెక్కి మూలల్లో స్క్రూలు చూడటం అరపూట పని. మొత్తం షెడ్డును కాపాడేది ఆ అరపూటే కావచ్చు.

నిప్పు విషయంలో రాజీ వద్దు

పాలీయురేథేన్ నురుగు మండుతుంది. మండితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉంటుంది. మంట దగ్గరికి రాకముందే ఆ పొగే మనిషిని పడగొట్టేస్తుంది. పైగా మంట రెండు రేకుల మధ్య దాక్కుని పాకుతుంది కాబట్టి ఫైర్ ఇంజన్ నీళ్లు దాన్ని తేలిగ్గా చేరలేవు.

దక్షిణ కొరియాలోని ఇచియాన్ నగరం ఈ పాఠాన్ని రెండుసార్లు నేర్చుకుంది. 2008 జనవరిలో ఓ కోల్డ్ స్టోరేజీ గోదాం తగలబడి 40 మంది చనిపోయారు. 2020 ఏప్రిల్ 29న నిర్మాణంలో ఉన్న మరో గోదాంలో 38 మంది బలయ్యారు. రెండో ప్రమాదంలో వెల్డింగ్ నిప్పురవ్వ యురేథేన్ ఫోమ్‌కు అంటుకుందని దర్యాప్తులో తేలింది. ఫోమ్ పక్కనే వెల్డింగ్.. మన దగ్గర కనిపించని దృశ్యమా ఇది?

అందుకని జనం గుమిగూడే చోట, అంటే ఫంక్షన్ హాలు, స్కూలు, ఆసుపత్రి, హోటల్ లాంటి వాటికి రాక్‌వూల్ ప్యానెల్ సురక్షితం. రాక్‌వూల్ మండదు. అయితే బరువు ఎక్కువ, అదే మందంలో వేడిని ఆపడం కాస్త తక్కువ, ధర కూడా ఎక్కువే. మిగతా చోట్ల కనీసం పీఐఆర్ అయినా చూడాలి. వంటగది మీద, జనరేటర్ గది మీద, కరెంటు ప్యానెల్ బోర్డుల పైన థర్మాకోల్, మామూలు పఫ్ వేయకపోవడమే మంచిది. ఎలాంటి ప్యానెల్ వేసినా వెల్డింగ్ పనంతా ముందు ముగించాకే దాన్ని పైకి ఎక్కించాలి.

మరి ఇంటికి అవసరమా?

ఇప్పటికే శ్లాబు ఉన్న ఇంటికి ఎండ బాధ తగ్గాలంటే మొదట చూడాల్సింది ప్యానెల్ కాదు, తెల్ల పూత. ఎండను వెనక్కి కొట్టే కూల్ రూఫ్ పెయింట్ గానీ, తెల్ల టైల్స్ గానీ చాలా తక్కువ ఖర్చులో పని కానిస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ ఆలోచనతోనే. కేంద్రం 2018లో తెచ్చిన ఇళ్ల ఇంధన పొదుపు నియమావళి, ఎకో నివాస్ సంహిత, పైకప్పు నుంచి దిగే వేడికి ఒక పరిమితి పెట్టింది. ఒట్టి శ్లాబు ఆ పరిమితిని దాటిపోతుంది. 50 ఎంఎం పఫ్ ప్యానెల్ దాంట్లో మూడో వంతు దగ్గరే ఆగిపోతుంది.

డాబా మీద కొత్త గది వేస్తే మాత్రం ప్యానెల్ మంచి ఎంపికే. పాత ఇంటి మీద బరువు పడదు. కానీ రెండు షరతులు. ఒకటి, కార్పొరేషన్ అనుమతి సంగతి ముందే తేల్చుకోవాలి. రెండు, గది స్తంభాలను కింది శ్లాబులోకి సరిగా యాంకర్ చేయించాలి. ప్యానెల్ గట్టిగానే ఉండి, గదికి గదే లేచిపోతే ఏం లాభం? పాత ఆస్‌బెస్టాస్ రేకులు తీసేస్తున్నట్లయితే వాటిని పగలగొట్టకుండా, తడిపి, మాస్కు పెట్టుకుని దించాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం.

కొటేషన్‌లో ఈ ఆరు ఉన్నాయా?

1. లోపల ఏముంది: పఫ్, పీఐఆర్, రాక్‌వూల్, థర్మాకోల్.. పేరు రాతపూర్వకంగా ఉండాలి. పఫ్, పీఐఆర్ అయితే ఐఎస్ 12436 ప్రమాణం, సాంద్రత ఘనపు మీటరుకు 40 కిలోల చొప్పున ఉందా?

2. రేకు మందం: 0.5 ఎంఎం అని చెప్పి పలుచటిది పంపితే కంటికి తెలియదు. సరుకు దిగగానే మైక్రోమీటరుతో కొలవాలి.

3. గాలి లెక్క: ఏ వేగానికి డిజైన్ చేశారు? స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకం ఉందా?

4. స్క్రూలు: ఏ లోహం, ఎంత దూరానికి ఒకటి, మూలల్లో ఎన్ని?

5. మంట పరీక్ష: ఆ ప్యానెల్‌కు ఫైర్ టెస్ట్ రిపోర్టు ఉందా? మీ భవనానికి ఫైర్ ఎన్‌ఓసీ కావాలా?

6. సోలార్: తర్వాత పలకలు పెట్టే ఆలోచన ఉంటే ముందే చెప్పాలి. ఆ స్టాండ్లు పై రేకుకు కాదు, కింది పర్లిన్‌కు బిగించాలి.

ఈ ఆరింటికీ సమాధానం రాసిచ్చే కాంట్రాక్టర్ రేటు పక్కవాడి కంటే ఎక్కువే ఉంటుంది. ఆ తేడా ఎక్కడ పెట్టారో అడగండి. స్క్రూల్లో, పర్లిన్లలో, మంటకు ఆగే కోర్‌లో పెట్టి ఉంటే అది ఖర్చు కాదు. ఎండ ప్రతి ఏటా వస్తుంది, దాని ఫలితం మొదటి వేసవిలోనే కనిపిస్తుంది. పెద్ద తుపాను ఎప్పుడో ఒక్కసారి వస్తుంది. ఆ ఒక్క రాత్రి పైకప్పు నిలవడం మాత్రం ఇవాళ్టి బిగింపు మీదే ఆధారపడి ఉంటుంది.