బయటి దెబ్బ, ఇంటి దెబ్బ

ఈమధ్య మా బడిలో ఏడో తరగతి పిల్ల వారం రోజులు రాలేదు. వాళ్ళింటికి పోయాను. తల్లి చెయ్యి విరిగి మంచంలో ఉంది. వంటా నీళ్ళూ ఆ పిల్లే చూస్తోంది. ఏమైందమ్మా అంటే, "గట్టు మీద జారిపడ్డా సారూ" అంది తల్లి. పిల్ల తలెత్తలేదు. ఆ ఇంటాయన ఎవరో కాదు, ఏప్రిల్ 14న నీలిజెండా పట్టుకొని అందరికన్నా ముందు నడిచేవాడు. నాకు తమ్ముడి వరస. అందుకేనేమో నేను కూడా ఆరోజు ఏమీ అనకుండా తిరిగొచ్చాను.

నవంబరు 25 నుంచి మన పల్లె ఆడవాళ్ళు రోజూ పొద్దుగూకినాక చర్చి మెట్ల మీద కూర్చుంటున్నారు. డొమినికన్ రిపబ్లిక్‌లో నియంతను ఎదిరించిన ముగ్గురు అక్కచెల్లెళ్ళను 1960లో చంపిన రోజది. డిసెంబరు 10 మానవహక్కుల దినం దాకా పదహారు రోజులు ఆడవాళ్ళ మీద హింస గురించి దేశదేశాల్లో మాట్లాడుకుంటారు. మధ్యలో మన బాబాసాహెబ్ వర్ధంతి వస్తుంది.

దీనికి మనవాళ్ళే కొందరు మూతి ముడుస్తున్నారు. "మన గుట్టు మనమే బయటేసుకుంటే ఊళ్ళోవాళ్ళు నవ్వరా?" అంటున్నారు. అయ్యా, 1985 జూలైలో కారంచేడు చెరువుకాడ, నీళ్ళు పాడు చెయ్యొద్దన్నందుకు మీదపడ్డ వాళ్ళ మీదికి బిందె ఎత్తింది ఎవరు? మున్నంగి సువార్త. ఆ బిందె గురించి నలభై ఏళ్ళుగా ప్రతి సభలో చెప్పుకుంటున్నాం. అదే చెయ్యి మొగుడి దెబ్బకు అడ్డం లేస్తే మాత్రం గుట్టు పోయిందంటామా?

రెండూ ఒకటేనని నేననడం లేదు. పొలంలో మన ఆడబిడ్డ మీద చెయ్యేసేవాడి వెనక కులముంది, భూమి ఉంది, స్టేషనూ ఉంది. దానికి 1989 అట్రాసిటీ చట్టముంది, కేసు కట్టించడానికే ధర్నాలు చెయ్యాల్సొచ్చినా సరే. ఇంట్లో దెబ్బకు ఆ చట్టం రాదు. దీనికి 2005 గృహహింస చట్టం. ఇది మన పల్లెల్లో ఎంతమందికి తెలుసు? ముందు స్టేషనుకే పోవాలనేం లేదు. రక్షణాధికారికి చెబితే జరిగింది రాసుకొని మేజిస్ట్రేటుకు పంపాలి. ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఆమెను బయటికి గెంటే హక్కు మొగుడికి లేదు. కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు మీరితే ఏడాది దాకా జైలు. ప్లీడరు ఫీజు భయం అక్కర్లేదు, ఆడవాళ్ళకూ ఎస్సీలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. అర్ధరాత్రయితే 181కి ఫోను చెయ్యొచ్చు.

మరి మన పెద్దమనుషుల పంచాయితీ చేసేదేంటి? మొగుడికి తప్పు వేస్తారు. ఆ డబ్బు ఆ రాత్రే వైన్ షాపుకు పోతుంది. తెల్లారి ఆమె మళ్ళీ దెబ్బలు తింటుంది. ఇందులో న్యాయం ఎక్కడుందో చెప్పండి.

ఆడవాళ్ళు కూర్చుని మాట్లాడితే ఏమవుతుందనేవాళ్ళు నెల్లూరు జిల్లా దూబగుంట తలుచుకోవాలి. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూ సారా గురించి చదివిన ఆడవాళ్ళు సారా దుకాణమే మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా బందయింది. ఆ తర్వాత మద్యం వేరే సీసాల్లో వచ్చిందనుకోండి, అది వేరే సంగతి. అంబేద్కరు కూడా 1942లో నాగపూరు మహిళాసభలో పెళ్ళాం మొగుడికి సమానంగా నిలబడాలనీ, బానిసగా ఉండొద్దనీ చెప్పాడు. ఆయన బొమ్మ మన గోడల మీదుంది. ఆ మాటే గడప దాటి లోపలికి రాలేదు.

మూడోరోజు రాత్రి ఆ పిల్ల తల్లి చేతికి కట్టుతోనే చర్చి మెట్ల కాడికొచ్చింది. చాలాసేపు ఊరకే కూర్చుంది. ఆనక లేచి, "నేను జారిపడలేదు" అంది. నాకు తలకొట్టేసినట్టయింది. మర్నాడు వాళ్ళింటికి మళ్ళీ పోయాను, ఈసారి తమ్ముడితో మాట్లాడటానికి. నన్ను గుమ్మంలోనే నిలబెట్టాడు.

పిల్ల సోమవారం నుంచి బడికొస్తోంది. డిసెంబరు 6న విగ్రహానికి మొదటి దండ ఆ తల్లి చేత వేయించాలని ఆడవాళ్ళు తీర్మానం చేశారు. తమ్ముడు ఇంకా నాతో మాట్లాడటం లేదు.