పెరటిలో రెండవ యిల్లు

ఇల్లు కట్టి చూడుమన్న పెద్దలు ఒక్క యింటిని గూర్చియే హెచ్చరించి యూరకుండిరి. కట్టిన యింటి పెరటిలో మరియొక చిన్న యిల్లు కట్టబూనువానికి వారేమియు చెప్పలేదు. ఆ కాలమున దాని యవసరము కలుగలేదు కాబోలు. కొడుకునకు పెండ్లియైనచో ఒక గది ఖాళీచేసి యిచ్చెడివారు. చుట్టము వచ్చినచో పంచలో మంచము వాల్చెడివారు. ముసలివారు వీధి యరుగుమీదనే ప్రొద్దు పుచ్చెడివారు. నేడు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణములలో ఆ యేర్పాటు సాగుట లేదు. పాత వీధులలో పెరడున్న యింటివారు ఎప్పుడో యొకప్పుడు మేస్త్రిని పిలిచి, గోడకును గోడకును నడుమనున్న జాగాను కొలిపించుచున్నారు. పశువులు పోయినవి గనుక కొట్టపు జాగా ఖాళీగా నున్నది. గడ్డివాము లేదు. బావి పూడినది. అక్కడ రెండు గదులు వేసిన నేమి యను ఆలోచన సహజముగనే పుట్టును.

ఆ రెండు గదులు ఎవరి కొఱకు? ఒక యింట, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయ దంపతులకు; వారు మెట్లెక్కలేరు, మేడపై కొడుకు సంసారపు సందడికి తాళలేరు. మరియొక యింట, కువైటునకు పోయిన భర్త తిరిగి వచ్చునంతవరకు పుట్టింటనే యుండదలచిన కూతునకు. పులివెందులలో 2006లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల వెలసిన పిమ్మట, బాడుగకు గది వెదకుకొను విద్యార్థులకు. ప్రొద్దుటూరి బంగారపు టంగళ్లలోను, బట్టల దుకాణములలోను పనికి కుదిరిన పల్లెటూరి యువకులకు. బదిలీపై వచ్చిన పంతులుగారికి. ఈ యవసరములలో ఏదియు చిన్నది కాదు. కట్టు తీరు మాత్రము మిక్కిలి చిన్నదిగా నున్నది.

సాధారణముగా జరుగునది యిది. పెద్దయింటికి కావలసిన వన్నియు అమరిన తరువాత, మిగిలిన మూలను, మిగిలిన యిటుకలతో, మిగిలిన సొమ్ముతో పెరటియింటిని లేపుదురు. ప్రహరీగోడయే దానికి వెనుకగోడ. పెద్దయింటి మరుగుదొడ్డి గోడయే ప్రక్కగోడ. పైన రేకులు. కిటికీ యున్నచో అది పొరుగింటి గోడను చూచుచుండును. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటు సీమలో రేకుల క్రింద మధ్యాహ్నము గడపుమని కన్నతల్లిని పంపువాడు, ఒక్క మధ్యాహ్నము తానచ్చట పరుండి చూచినయెడల మేస్త్రిని మరల పిలిపించును. రెండవ యిల్లు కట్టుటలో దోషము లేదు. దానిని మిగులుగా తలచుట యందే యున్నది. కట్టించువాడు ఇరువదియేండ్ల తరువాత తానే అందు నివసింపవలసినవాడు. కొడుకును కోడలును పెద్దయింటికి వత్తురు, తాను పెరటికి పోవును. పటము గీయించునాడే యీ మాట తలచినచో కిటికీ ఎచ్చట నుండవలెనో వేఱొకరు చెప్పనక్కరలేదు.

పెరటియింటిని గూర్చిన జంకునకు మూలము పొయ్యి. తెలుగు కుటుంబములలో గోడ వేరైనంత మాత్రమున కాపురము వేరైనట్లు కాదు. పొయ్యి వేరైననే వేరుపడినట్లు. అందుచే పెరటిలో పడకగదియు స్నానపుగదియు కట్టింతురు గాని వంటకు చోటు చూపరు. లోకమేమనుకొనునో యను భయము. ఫలితమేమన, తెల్లవారుజామున నాలుగింటికి లేచు అత్తగారు కాఫీచుక్కకై పెద్దయింటి తలుపు తట్టవలెను. బెంగుళూరు కంపెనీ పనిని రాత్రి రెండింటివరకు ఇంటినుండియే చేసి పరుండిన కోడలు లేచి తలుపు తీయవలెను. ఇద్దరిలో ఎవరిదియు తప్పు లేదు. అయినను వీధికెక్కు జగడము అక్కడనే మొలచును. 'ఇల్లు ఇరకటము' అను సామెత రెండవ సగమున ఆలిని కోతితో పోల్చును. ఆ పోలికకు కారణము మొదటి సగములోనే యున్నదని సామెత చెప్పినవారు గమనింపరైరి. తెలుగున 'వేరు' అను మాటకు రెండర్థము లున్నవి: విడిగా నుండుటయు నదియే, చెట్టును నిలుపునదియు నదియే. నాలుగడుగుల గట్టు, ఒక గ్యాసుపొయ్యి, ఒక కుళాయి, ఇంతమాత్రము మొదటినుండియు విడిగా నున్నచో పండుగనాటి వంట ఉమ్మడిగా సాగుటకు అవకాశము మిగులును. జగడము ముదిరిన తరువాత పెట్టిన పొయ్యి ఆ పని చేయలేదు. అది సరిహద్దురాయి యగును.

ఇక నేల సంగతి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములలో పెక్కుచోట్ల నల్లరేగడి. ఈ నేల వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. బరువైన పెద్దమిద్దె యీ యుబ్బును కొంతవరకు అణచి నిలుచును. తేలికయైన చిన్నయిల్లే ఎక్కువగా లేచి పడును. చిన్నదే కదా, రెండడుగుల పునాది చాలునను మాట రేగడిలో చెల్లదు. ఏటేట తడిసి యారుచుండు పై పొరను దాటి, మార్పులేని నేలవరకు పునాదిని దింపవలెను. పాతగోడకు క్రొత్తగోడను అతికించి కట్టుట మరియొక పొరపాటు. పాతయిల్లు ఎన్నియో యేండ్లుగా నేలలో కుదురుకొని యున్నది. క్రొత్తది యిప్పుడే కుదురుకొనవలెను. రెండును ఒక్కతీరున కదలవు గనుక అతుకువద్ద బీట విచ్చును, అందుగుండ వాననీరు దిగును. రెండింటి నడుమ సందు విడుచుట మేలు. స్నానపునీరు పునాది ప్రక్కన ఇంకకుండ కాలువవరకు గొట్టము వేయవలెను. గోడకు ఒకవైపు నేల తడిగాను, మరియొకవైపు పొడిగాను ఉండుటకంటె రేగడిలో కీడు లేదు.

రాయికి మాత్రము ఈ సీమలో కొదువలేదు. జమ్మలమడుగు, యెఱ్ఱగుంట్ల ప్రాంతపు గనుల నాపరాయి 'కడప బండ' యను పేరుతో దూరప్రాంతములకు పోవుచున్నది. పూర్వము ఈ బండలను నిలువుగా నాటి ప్రహరీలు కట్టిరి, దూలములపై పరచి కప్పులు వేసిరి. మట్టిమిద్దెల మీద చవుడుమన్ను మందముగా పరచి, నడికప్పున గవాచి యని వెలుతురునకు ఒక కంత యుంచెడివారు. ఆ మిద్దెలు ఏటేట మన్ను కోరెడివి, పెద్దవానకు కారెడివి; వానిని మరల కట్టుమనుట వెఱ్ఱి. మందమైన కప్పు, నడినెత్తిన వెలుతురు అను రెండు బుద్ధులను రేకుల కొఱకు వదలుకొనుట అంతకంటె వెఱ్ఱి. వాస్తు చెప్పువారు నైరుతిని బరువుగాను, ఈశాన్యమును ఖాళీగాను ఉంచుమందురు. నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు నమ్మరు. నైరుతిమూల కట్టడము సాయంకాలపు టెండను తాను భరించి పెరటికి నీడనిచ్చుననుట మాత్రము సూర్యుని చూచి ఎవరైనను తెలిసికొనవచ్చును. అట్లు భరించు నింటిలోని వారి గతి యేమని వాస్తు చెప్పదు. కావున పడమటి గోడను మందముగా కట్టి, ఆ వైపున ఒక వేపచెట్టునకైన చోటీయవలెను.

'నా పెరడు, నా యిష్టము' అనువారు 2017లో వెలువడిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమావళిని ఒకసారి చూడవలెను. స్థలపు వైశాల్యమును, ముందున్న బాట వెడల్పును, కట్టడపు ఎత్తును బట్టి చుట్టును ఎంత జాగా విడువవలెనో అందు పట్టికలున్నవి. క్రొత్త పేటలలో పెక్కుమంది పెరడని పిలుచునది యథార్థమునకు పెరడు కాదు. గాలివెలుతురులకై చట్టము విడువుమన్న ఖాళీ. అచ్చట గది వేసినచో పెద్దయింటి ఊపిరి మూసినట్లే. నిప్పంటుకొన్న వేళ మనిషి నడచిపోవు దారియు నుండదు. పాతవీధిలో పది సెంట్లున్నవానికి చెల్లు ఆలోచన క్రొత్తపేటలో మూడు సెంట్లవానికి చెల్లదు. అతనికి మేడమీది గదియో, క్రింది భాగమునే రెండుగా తీర్చుకొనుటయో శరణ్యము.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఈ సమస్య తలక్రిందుగా నుండెను. అక్కడి పట్టణములలో పెక్కు పేటలు ఒక జాగాకు ఒక్క కుటుంబమే యను నియమముతో ఏర్పడినవి. పెరడెంత విశాలమైనను రెండవ యిల్లు కట్టుట దుర్లభము. బాడుగలు సామాన్యుని కందరానంతగా పెరిగిన పిమ్మట ఆ రాష్ట్రము 2016లో చట్టము సడలించినది. 2020 జనవరినుండి, ప్రక్కలను వెనుకను 4 అడుగులు విడిచి 800 చదరపుటడుగులవరకు పెరటియిల్లు కట్టుకొనువానికి పురపాలకులు అడ్డురాకుండ చేసి, దరఖాస్తునకు 60 దినముల గడువు పెట్టినది. నమూనా పటములను ముందుగనే ఆమోదించి యుంచు పద్ధతిని 2025 నాటికి ప్రతి పట్టణమును ఏర్పరచవలెనని కూడ కోరినది. అక్కడ స్థిరపడిన తెలుగువారికిని, ఇచ్చటినుండి వచ్చి ఆరేసి నెలలుండు తల్లిదండ్రుల కెక్కడ చోటు చూపుట యను చిక్కు లేకపోలేదు. వారికి చట్టము అడ్డు, అలవాటు లేదు. ఇచ్చట అలవాటు కలదు, చట్టమును ఎవరును చదువరు.

పెరడే లేనివారి మాట యేమి? 2020లో రాష్ట్రప్రభుత్వము పేదలకు పంచిన యిండ్లస్థలములు పట్టణములలో 1 సెంటు, పల్లెలలో ఒకటిన్నర సెంటు. ఒక సెంటనగా 435 చదరపుటడుగుల పైచిలుకు. కాలిఫోర్నియా శాసనము పెరటియింటి కిచ్చిన కొలతలో అది సగము కంటె కొంచె మెక్కువ! గండికోట జలాశయమున నీరు నిలుపుటకై ఊళ్లు విడిచినవారు కొట్టము, కళ్లము, పెరడు విడిచి వచ్చిరి. అట్టివారి కుటుంబములో కొడుకునకు పెండ్లియైనచో తల్లిదండ్రు లెక్కడ పరుందురు? ఈ ప్రశ్నకు మేస్త్రి బదులు చెప్పలేడు. స్థలపు కొలత నిర్ణయించువారు చెప్పవలెను.

బాడుగ కొఱకే కట్టువారిని గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. ఒక గదిలో ఆరు మంచములు వేసి ఆరుగురు విద్యార్థుల నుంచువారున్నారు. మంచములకు చోటున్నది, బల్లకు లేదు. కడపకు 1820లో వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను అచ్చట బంగళా కొని, తన ఖర్చుతో పండితులను కూర్చి తాళపత్ర గ్రంథములను పరిష్కరింపజేసినాడు. దానికి బ్రౌను కాలేజీ యని పేరే వచ్చినది. ఆ జాగాలో నేడు ఆయన పేరిట గ్రంథాలయమున్నది. సొంత యింటి యావరణలో చదువునకు చోటిచ్చినవారు నివసించిన జిల్లాలో, బాడుగ పుచ్చుకొనియు ఒక బల్లకు చోటీయలేకపోవుట వింతగనే యున్నది.

అన్నిటికంటె ఆలస్యముగా తలపునకు వచ్చునది కాగితము. తండ్రి జాగాలో పెద్దకొడుకు తన సొమ్ముతో పెరటియిల్లు కట్టును. తండ్రి పోయిన తరువాత అది ఎవరిది? తమ్ముడు జాగాలో సగమడుగును. ఆంధ్రప్రదేశమున 1985 నాటి సవరణతో కూతుండ్రకును ఉమ్మడి యాస్తిలో జన్మహక్కు కలిగినది. చెల్లెలును అడుగును, అడుగుట న్యాయము. కట్టకముందే అందరును కూర్చుండి, ఎవరి సొమ్మెంత, ఎవరి భాగమెంత యని వ్రాసికొని రిజిష్టరు చేయించినచో కోర్టు మెట్లు తప్పును. పెద్దయింటిని కొడుకునకు వ్రాసియిచ్చి తాము పెరటికి పోవు వృద్ధులు మరింత జాగరూకులై యుండవలెను. తమ పోషణ భారము వహింపవలెనను షరతు దానపత్రములోనే యుండినచో, అది నెరవేరనప్పుడు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము ననుసరించి ఆ దానమును రద్దుచేయు మార్గమున్నది. ఆ విచారణ రెవిన్యూ డివిజను అధికారియొద్ద జరుగును. షరతు వ్రాయుమనుటకు తల్లిదండ్రులు సిగ్గుపడుదురు. కొడుకే ముందుగా వ్రాయించినచో ఆ సిగ్గు వారికి తప్పును.

ఈ మూడు పట్టణముల పురపాలక కార్యాలయములు చేయదగిన పని యొకటి యున్నది. మూడు సెంట్లకు, అయిదు సెంట్లకు, పది సెంట్లకు, రేగడినేలకు వేఱుగా, గట్టినేలకు వేఱుగా, పెద్దయింటితోపాటు పెరటియింటి నమూనా పటములను తెలుగులో గీయించి గోడకు తగిలింపవలెను. గీయుటకు దూరమునుండి ఎవరును రానక్కరలేదు. పులివెందులలోను ప్రొద్దుటూరిలోను ఇంజనీరింగు కళాశాలలున్నవి, వానిలో కట్టడముల శాస్త్రము చదువు విద్యార్థులున్నారు. ఏటేట పరీక్షకై వారు గీయు పటములలో ఈ యూళ్ల పెరడులు కొన్ని చేరిన చాలును. కొలతలు అడుగులలో నుండవలెను, మేస్త్రి చదువగలిగిన యక్షరములలో నుండవలెను. ముసలివారి మంచము ఏ గోడకు వేయవలెనో, రాత్రి లేచి నడచు దారిలో దీపము ఎచ్చట నుండవలెనో అవియు అందు గుర్తింపబడి యుండవలెను.