యూదుల ఇంటిపేర్లు

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి గోల్డ్‌బర్గ్, షపీరో, కట్జ్ వంటి పేర్లు కొత్త కాదు. మన పిల్లల డాక్టరు పేరో, ఆఫీసులో పక్క గది ఆయన పేరో అయి ఉంటుంది. ఈ పేర్ల వెనక ఏముందో చూద్దాం.

జర్మనీలోనూ, దానికి తూర్పున ఉన్న దేశాలలోనూ చాలామంది యూదులకి రెండు వందల ఏళ్ళ కిందటి వరకూ ఇంటిపేర్లు లేవు. “ఫలానావాడి కొడుకు ఫలానా” అంటే సరిపోయేది. మెండెల్ కొడుకు మోజెస్ అనే తత్త్వవేత్త దానినే జర్మన్‌లోకి మార్చి మెండెల్‌సన్ అయేడు. సంగీతకారుడు ఫీలిక్స్ మెండెల్‌సన్ ఆయన మనవడే.

ఊళ్ళో వాళ్ళకి సరిపోయిన పద్ధతి సర్కారుకి సరిపోలేదు. పన్ను వెయ్యాలన్నా, సైన్యంలోకి లాగాలన్నా ఎవరు ఎవరో తెలియాలి కదా! ఆస్ట్రియా చక్రవర్తి రెండవ జోసెఫ్ 1787లో ఒక శాసనం చేసేడు: యూదులందరూ స్థిరమైన జర్మన్ ఇంటిపేరు పెట్టుకోవాలి. దరిమిలా 1804లో రష్యా, 1808లో నెపోలియన్, 1812లో ప్రష్యా ఇలాంటి ఉత్తరువులే జారీ చేసేయి.

పేరు పెట్టుకోమంటే ఏ పేరు పెట్టుకుంటారు? కొందరికి పాత గుర్తులు ఉన్నాయి. కోహెన్ అంటే ఆలయ పూజారుల వంశం. కట్జ్ అన్న మాట జర్మన్ “పిల్లి”లా వినిపిస్తుంది కాని, అది “ధర్మపూజారి” అనే అర్థం వచ్చే రెండు హీబ్రూ మాటల పొడి అక్షరాల కూర్పు. మన ఇంటిపేర్లలో ఊళ్ళు ఉన్నట్లే షపీరోలో జర్మనీలోని ష్పయర్ నగరం ఉంది. కుట్టుపనివాడు జర్మన్‌లో ష్నైడర్, రష్యన్‌లో పోర్ట్‌నోయ్. ఫ్రాంక్‌ఫర్ట్ యూదుల వీధిలో ఒక ఇంటి గుర్తు ఎర్ర డాలు. అందులో ఉన్నవాళ్ళు రోత్‌షిల్డ్‌లు. ఇల్లు మారేరు, పేరు మారలేదు. అక్షరాలా “ఇంటి” పేరు!

గోల్డ్‌బర్గ్ (బంగారు కొండ), రోసెంథాల్ (గులాబీల లోయ) వంటివి అలంకారం కోసం కూర్చినవి. లంచం ఇచ్చినవాళ్ళకి గులాబీలు, ఇవ్వనివాళ్ళకి వెక్కిరింత పేర్లు దక్కేయని ఒక కథ చెబుతారు. పరిశోధకులు ఈ కథని పెద్దగా నమ్మరు.

జోసెఫ్ ఉద్దేశం యూదులు తక్కినవాళ్ళలో కలిసిపోవాలని. నూట యాభై ఏళ్ళ తరువాత, 1938లో, నాజీ ప్రభుత్వం దీనికి సరిగ్గా తిరకాసు శాసనం చేసింది. పేరు చూడగానే యూదులని తెలియనివాళ్ళలో మగవాళ్ళు ఇజ్రాయెల్ అనీ, ఆడవాళ్ళు సారా అనీ అదనంగా తగిలించుకోవాలి. అప్పుడు కలపడానికి పేరు, ఇప్పుడు ఏరడానికి పేరు.

ఇజ్రాయెల్ దేశం వచ్చిన తరువాతా ఈ గొడవ తీరలేదు. గ్రూన్ అన్న ఇంటిపేరుతో పుట్టి బెన్ గురియన్‌గా మారిన తొలి ప్రధాని, తన మంత్రులని కూడా హీబ్రూ పేర్లు పెట్టుకోమని ఒత్తిడి చేసేడు. 1956లో విదేశాంగ మంత్రి అయినప్పుడు గోల్డా మయర్‌సన్ గోల్డా మెయిర్ అయింది. ఈసారి అడిగింది సొంత ప్రభుత్వం; అంతే తేడా.

ఈ పేర్లన్నిటిలోనూ నాకు నచ్చినవి రివ్కిన్, మల్కిన్, ద్వోర్కిన్. బెలారూస్ తూర్పు ప్రాంతంలో ఇవి ఎక్కువ. రివ్కా, మల్కా, ద్వోరా ఆడవాళ్ళ పేర్లు. రివ్కిన్ అంటే “రివ్కా తాలూకు” అని అర్థం. సర్కారు అడిగింది పట్టీలో రాసుకోడానికి ఒక పేరు. అక్కడివాళ్ళు అమ్మ పేరో, అమ్మమ్మ పేరో చెప్పి ఊరుకున్నారు. ఆ రివ్కా ఎవరో ఇప్పుడు ఏ రివ్కిన్‌కీ తెలియకపోవచ్చు. అయినా సంతకం పెట్టినప్పుడల్లా ఆవిడ పేరే రాస్తున్నాడు.