నొప్పి మాత్రకు ముందు బండి హ్యాండిల్ చూడండి

ఈ సంచికలో మేము రాస్తున్నది మందుల గురించి కాదు, మీ ఇంటి ముందు నిలబెట్టి ఉన్న మోటార్ సైకిల్ గురించి. ఆసుపత్రి పత్రికలో బండి సంగతి ఎందుకని కొందరు అనుకోవచ్చు. మెడ పట్టేసిందని, గూడ లాగుతోందని, నడుం నొప్పి అని, చేతివేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని ఓపీకి వచ్చేవారిని "రోజుకు ఎంతసేపు బండి మీద ఉంటారు?" అని అడగటం మా నర్సులకు అలవాటు. రెండు గంటలు, మూడు గంటలు అని చెప్పేవారు తక్కువేమీ కాదు. పాలు పోసేవారు, మందుల కంపెనీల రిప్రజెంటేటివ్‌లు, ఊరూరా తిరిగి బట్టలు అమ్ముకునేవారు, పక్క మండలంలోని బడికి వెళ్ళే ఉపాధ్యాయులు, భోజనం పార్సిళ్ళు చేరవేసే యువకులు, వీరందరికీ బండే బతుకుతెరువు. బండి ఎక్కలేని రోజున ఆ ఇంట్లో పొయ్యి మీద దాని ప్రభావం కనిపిస్తుంది.

మా అభిప్రాయం ఇది. ఇలాంటి నొప్పులు మొదలైనప్పుడు మందుల షాపుకు పరుగెత్తే ముందు, బండి హ్యాండిల్ మన ఒంటికి తగినట్టు ఉందో లేదో చూసుకోవాలి. అసలు కొత్త బండి తెచ్చుకున్న రోజే ఆ పని జరగాలి. ఒక చొక్కా కుట్టించుకోవాలంటే దర్జీకి భుజం, చేయి, మెడ కొలతలన్నీ ఇస్తాం. లక్ష రూపాయలకు అటూ ఇటూగా పెట్టి కొనే బండిని మాత్రం ఏ కొలతా లేకుండా తెచ్చుకుంటున్నాం. రంగు చూస్తాం, మైలేజీ అడుగుతాం, మంచి నంబరు కోసం ప్రయత్నిస్తాం. మన చేతులు హ్యాండిల్ మీద ఎలా ఆనుతున్నాయో మాత్రం ఎవరమూ చూడం.

స్ప్లెండర్ బండి 1994లో వచ్చింది. నేటికీ మన పల్లెల్లో తిరుగుతోంది. స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. అయిదడుగుల మనిషికీ అంతే, ఆరడుగుల మనిషికీ అంతే. హ్యాండిల్‌ను కూడా అందరికీ ఒకే చోట బిగించి ఇస్తారు. ఇందులో కంపెనీని తప్పు పట్టలేం. లక్షల బండ్లు చేసేవారు ఎవరో ఒక సగటు మనిషిని దృష్టిలో పెట్టుకోక తప్పదు. ఆ సగటు నుండి మనదాకా సర్దుకునే పని మనదే.

ఒంట్లో ఏం జరుగుతుంది?

మన తల బరువు సుమారు నాలుగున్నర, అయిదు కిలోలు. వెన్ను నిలబెట్టి కూర్చున్నప్పుడు ఆ బరువు వెన్నుపూసల మీదుగా నేరుగా కిందికి దిగుతుంది. హ్యాండిల్ దూరంగా ఉంటే దాన్ని అందుకోవడానికి నడుం ముందుకు వంగుతుంది. రోడ్డు కనిపించాలి కనుక మెడను మళ్ళీ పైకి ఎత్తాలి. అప్పుడు తల బరువంతా మెడ వెనుక కండరాలే మోయాలి. వాటికి విశ్రాంతి ఉండదు. సాయంత్రానికి మెడ, గూడలు రాయిలా బిగుసుకుపోవడానికి ఒక కారణం ఇదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట చెప్పాలి. హెల్మెట్ పెట్టుకుంటే మెడ నొప్పి వస్తోందని దాన్ని తీసి హ్యాండిల్‌కు తగిలించుకునేవారు ఉన్నారు. వంగిన మెడ మీద హెల్మెట్ బరువు ఎక్కువగా తెలిసే మాట నిజమే. కానీ సరిచేయవలసింది వంగిన మెడను, తీసేయవలసింది హెల్మెట్‌ను కాదు. మెడ నొప్పికి చికిత్స ఉంది. తలకు తగిలే దెబ్బ సంగతి అలా కాదు.

హ్యాండిల్ మరీ దగ్గరగా, మరీ కిందికి ఉన్నా ఇబ్బందే. మోచేతులు డొక్కలకు ఆనుకుంటాయి, మణికట్టు మెలికపడుతుంది. మణికట్టు గుండా అరచేతిలోకి మీడియన్ నరం వెళుతుంది. మణికట్టు వంగి ఉండగా గ్రిప్పును గట్టిగా పట్టుకుంటే ఆ నరం మీద ఒత్తిడి పడి బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతాయి. అరచేతి అంచు మీద బరువు ఆనితే అల్నర్ నరం నలిగి చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారతాయి. దీనికి ఇంజను అదురు, గతుకుల రోడ్డు తోడవుతాయి.

మీ బండిని మీరే పరీక్షించుకోండి

బండిని చదునైన నేల మీద సెంటర్ స్టాండు వేసి, ఇంజను ఆపి, ఇంట్లో ఒకరిని గట్టిగా పట్టుకోమనండి. రోజూ ఎక్కడ కూర్చుంటారో అక్కడే కూర్చోండి. కళ్ళు మూసుకుని, గూడలు వదులు చేసి, చేతులను ముందుకు హాయిగా చాచండి. కళ్ళు తెరిచి చూడండి. మీ చేతులు ఆగిన చోటుకు గ్రిప్పులు దగ్గరలో ఉంటే మంచిదే. బాగా దూరంగానో, బాగా కిందో ఉంటే సర్దుబాటు అవసరం.

తర్వాత గ్రిప్పులు పట్టుకోండి. మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి, కర్రల్లా బిగదీసుకుని ఉండకూడదు. గూడలు చెవుల వైపు లేవకూడదు. క్లచ్, బ్రేక్ లీవర్ల మీద వేళ్ళు వేసినప్పుడు ముంజేయి, మణికట్టు, వేళ్ళు ఒకే గీత మీద ఉండాలి. మీకు మీరు కనిపించరు కనుక ఇంట్లో పిల్లలతో పక్కనుంచి ఫోనులో ఒక ఫోటో తీయించుకోండి. నడుం ఎంత వంగిందో అందులో తెలిసిపోతుంది.

మెకానిక్‌తో ఏం చెప్పాలి?

మామూలు మోటార్ సైకిళ్ళలో చాలావాటికి హ్యాండిల్ అంటే ఒకే వంపు తిరిగిన గొట్టం. దాన్ని మధ్యలో రెండు క్లాంపులు, నాలుగు బోల్టులు పట్టి ఉంచుతాయి. ఆ బోల్టులు కొంచెం వదులు చేస్తే గొట్టం ముందుకు, వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిప్పితే గ్రిప్పులు మన దగ్గరకు వస్తాయి, కొంచెం కిందికి కూడా దిగుతాయి. ముందుకు తిప్పితే పైకి లేస్తాయి, కొంచెం దూరమవుతాయి. కనుక ఒకేసారి ఎక్కువ తిప్పించకండి. చాలా హ్యాండిళ్ళ మీద కంపెనీ వేసిన చిన్న చుక్క గుర్తు ఉంటుంది. మొదట అది ఎక్కడుందో చూసుకుని, అక్కడినుండి కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే జరిపించండి. వారం రోజులు నడిపి చూసి, అవసరమైతే మరికొంచెం.

హ్యాండిల్ తిరిగినప్పుడు దానితోపాటు లీవర్లూ తిరుగుతాయి. వాటి బోల్టులు విడిగా వదులు చేసి, మణికట్టు తిన్నగా ఉండేలా మళ్ళీ అమర్చాలి. ఈ పని మరిచిపోతే నడుం సుఖపడి మణికట్టు నొప్పి పట్టుకుంటుంది. కొన్ని బండ్లకు స్విచ్ల పెట్టె కదలకుండా చిన్న మేకులాంటిది ఉంటుంది, దాన్ని బలవంతంగా తిప్పకూడదు. చివరగా అద్దాలు మీ కూర్చునే తీరుకు సరిచేయించండి. వెనుక వచ్చే లారీ కోసం మాటిమాటికీ మెడ తిప్పే పని తగ్గుతుంది.

"అన్నా, హ్యాండిల్ కాస్త నాకు తగ్గట్టు తిప్పి బిగించు, నేను కూర్చుని చూస్తాను" అని అడగటానికి మొహమాటపడవద్దు. సర్వీసింగ్‌కు ఇచ్చిన రోజున ఇది అదనంగా కొద్ది నిమిషాల పని. బండి వదిలేసి వెళ్ళకుండా దగ్గర ఉండి చేయించుకోవాలి. మీరు సీటు మీద లేకుండా చేసిన కొలత మీ కొలత కాదు.

తప్పక చూడవలసిన జాగ్రత్తలు

హ్యాండిల్ ప్రాణానికి సంబంధించిన భాగం. బోల్టులు కంపెనీ మాన్యువల్‌లో చెప్పిన క్రమంలో, చెప్పినంత బిగువుతో బిగించాలి. బిగించాక బలంగా ముందుకు నెట్టి, వెనక్కి లాగి చూడండి, ఏమాత్రం కదలకూడదు. తర్వాత హ్యాండిల్‌ను కుడికి, ఎడమకు చివరిదాకా తిప్పండి. చేతులు గానీ లీవర్లు గానీ పెట్రోల్ ట్యాంకుకు తగలకూడదు. ఇంజను స్టార్ట్ చేసి గేరు న్యూట్రల్‌లో ఉంచి మళ్ళీ తిప్పండి. ఇంజను చప్పుడు దానంతటదే పెరిగితే యాక్సిలేటర్ కేబుల్ లాగుతోందని అర్థం. ఆ బండిని రోడ్డెక్కించవద్దు. క్లచ్ వైరుకు, యాక్సిలేటర్‌కు ఉండవలసిన వదులు ఉందో లేదో, ముందు డిస్కు బ్రేకు ఉంటే దాని గొట్టం సాగకుండా ఉందో లేదో చూడాలి. రెండు మూడు రోజులు నడిపాక బోల్టుల బిగువు మరొకసారి చూపించుకోండి.

స్కూటర్లలో హ్యాండిల్ సాధారణంగా ఇలా తిరగదు. రేసు బండ్లలా గ్రిప్పులు విడివిడిగా ఉండేవాటికీ సర్దుబాటు చాలా తక్కువ. స్కూటర్ నడిపే అక్కచెల్లెళ్ళు కూర్చునే చోటు, అద్దాలు సరిచూసుకోవాలి. కొనేముందే షోరూంలో కూర్చుని చూసుకోవడం అన్నిటికంటే మేలు.

కొందరు యువకులు స్టైలు కోసం కంపెనీ హ్యాండిల్ తీసేసి కురచగా, తిన్నగా ఉండేది వేయించుకుంటున్నారు. మేము దీన్ని ఒప్పుకోలేం. ముందుకు వాలి నడపడం పావుగంట సరదా కావచ్చు, రోజూ కాలేజీకి నలభై కిలోమీటర్లు పోయి వచ్చేవారికి అది శిక్ష. పైగా 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు, కంపెనీ ఇచ్చిన తీరుకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఉన్న హ్యాండిల్‌నే దాని క్లాంపుల్లో సర్దుకోవడం వేరు, హ్యాండిల్‌నే మార్చేయడం వేరు.

ఇంట్లో ఎవరి కొలత?

తండ్రీ కొడుకులు ఒకే బండి నడిపే ఇళ్ళు మనలో ఎక్కువ. అలాంటప్పుడు రోజుకు ఎక్కువసేపు నడిపేవారి కొలతకు బిగించండి. ఇద్దరూ సమానంగా వాడితే పొట్టి చేతులవారికి అనుకూలంగా ఉంచండి. పొడుగువారు సీటు మీద కొంచెం వెనక్కి జరిగి సర్దుకోగలరు, పొట్టివారికి ఆ వీలు లేదు.

ముగ్గురు ఎక్కితే ఏ కొలతా నిలవదు. నడిపే మనిషి ట్యాంకు మీదికి నెట్టబడి మోచేతులు ముడుచుకుపోతాయి, హ్యాండిల్ తిప్పడానికే చోటుండదు. హ్యాండిల్‌కు రెండు వైపులా కూరగాయల సంచులు, పాల క్యాన్లు తగిలించినా అంతే.

"రోడ్లు బాగాలేవు సిస్టర్, హ్యాండిల్ ఏం చేస్తుంది?" అని మమ్మల్ని అడిగేవారున్నారు. రోడ్లు నొప్పికి కారణమే, కాదనం. కానీ రోడ్డు వేయడం మన చేతిలో లేదు, నాలుగు బోల్టులు మన చేతిలో ఉన్నాయి. ఆ నాలుగు బోల్టులు చూసుకోకుండా నెలల తరబడి డైక్లోఫెనాక్ వంటి మాత్రలు సొంతంగా కొని మింగేవారిని చూస్తే మాకు భయం వేస్తుంది. అవి కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, బీపీ పెంచుతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. బీపీ, షుగరు ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. మాత్ర నొప్పిని అణుస్తుంది, నొప్పి పుట్టించే కూర్చునే తీరు మాత్రం మర్నాడు ఉదయం బండి మీద మళ్ళీ ఎదురు చూస్తూనే ఉంటుంది. నడుము బెల్టు సంగతీ ఇంతే. డాక్టరు చెప్పినప్పుడు, చెప్పినన్నాళ్ళు వాడాలి గాని, తప్పు అమరికకు అది మందు కాదు.

అలాగని హ్యాండిల్ అన్ని నొప్పులకూ సంజీవని కాదు. షుగరు, థైరాయిడు వల్ల కూడా చేతులు తిమ్మిరెక్కవచ్చు. హ్యాండిల్ సరిచేసి, గంటకొకసారి బండి ఆపి అయిదు నిమిషాలు నడిచి, చేతులు విదిలించుకున్నా రెండు మూడు వారాల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. తిమ్మిరి రాత్రిళ్ళు నిద్ర లేపుతున్నా, చేతిలోని వస్తువులు జారిపోతున్నా, నొప్పి చేతిలోకో కాలిలోకో పాకుతున్నా ఆలస్యం చేయకండి. నడుం నొప్పితో పాటు కాళ్ళు బలహీనపడినా, మూత్రం, మలం అదుపు తప్పినా ఆ క్షణమే ఆసుపత్రికి రావాలి.

బండ్లు అమ్మే షోరూంల వారికి మాదొక మనవి. తాళం చెవి చేతికిచ్చి ఫోటో తీసే ముందు కొన్నవారిని సీటు మీద కూర్చోబెట్టి, హ్యాండిల్, లీవర్లు, అద్దాలు వారికి తగ్గట్టు బిగించి ఇవ్వండి. మన సంఘాల్లో మెకానిక్ పని తెలిసిన తమ్ముళ్ళు ఉన్నారు. వారు తమ దగ్గరకు వచ్చే ప్రతివారినీ "చేతులు నొస్తున్నాయా?" అని ఒక్క మాట అడిగితే ఓపీకి వచ్చేవారిలో కొందరైనా తగ్గుతారు. ఇక పాఠకులుగా మీరు చేయవలసింది చిన్న పని. ఈ వారంలో ఒక రోజు మీ ఇంటి బండిని స్టాండు వేసి, దాన్ని రోజూ నడిపే మనిషిని ఒకసారి కూర్చోబెట్టి పక్కనుంచి చూడండి.