పాతదైనా సరే, పని చేసే లాప్‌టాప్ కొందాం



ఈ మధ్య మన గ్రూపులో ఎక్కువగా కనిపిస్తున్న ప్రశ్న ఒకటే. "ఆఫీసు పనికి 20, 25 వేలల్లో మంచి లాప్‌టాప్ ఏది?" ఒకరు ఐ7 అంటారు, ఒకరు టచ్ స్క్రీన్ అంటారు, ఒకరు ఆఫర్ ఫొటో పెడతారు. మేము హాస్టల్లో ఒకే రూంలో ఉండే డిగ్రీ అమ్మాయిలం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇలాంటివి అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. అందుకే సీనియర్లని, షాపులవాళ్లని, రిపేరు చేసే అన్నలని అడిగి తెలుసుకున్నాం. దాని మీద మా అభిప్రాయం ఇది. కొంచెం పొడుగే, కానీ డబ్బు కట్టేముందు ఒకసారి చదవండి.

మా మాట ముందే చెప్పేస్తాం. 20 వేల చుట్టూ డబ్బు ఉంటే, 4 జీబీ ర్యామ్ ఉన్న కొత్త లాప్‌టాప్ కొనొద్దు. కంపెనీ ఆఫీసుల్లో వాడి అమ్మేసిన గట్టి లాప్‌టాప్‌ని బాగా పరీక్ష చేసి కొనండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నామంటే, మన ఇళ్లలో ఆ డబ్బు ఊరికే రాదు. కాఫీ, మిరియం అమ్మిన డబ్బో, జీడిపిక్కల డబ్బో, కాదంటే మేకలు అమ్మిన డబ్బో. ఒక్కసారి పోతే మళ్లీ పంట వచ్చేదాకా ఆగాలి. పట్నంలో ఉద్యోగస్తుల పిల్లలు తప్పుడు లాప్‌టాప్ కొంటే రెండేళ్లకి ఇంకోటి కొంటారు. మనకి ఆ రెండోసారి లేదు.

ముందు పని ఏంటో చూద్దాం. డిగ్రీ అయ్యాక మనలో చాలామంది చేరాలనుకునేవి సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్, మీసేవ సెంటర్, బ్యాంక్ కరస్పాండెంట్, కాఫీ రైతుల సంఘంలో లెక్కలు, ఎన్జీవోలో డేటా ఎంట్రీ. గ్రూప్-2 రాసేవాళ్లకి ఏపీపీఎస్సీ కంప్యూటర్ పరీక్ష కూడా ఉంటుంది. వీటన్నిట్లో చేసేది దాదాపు ఒకటే. వర్డ్‌లో లెటర్, ఎక్సెల్‌లో లిస్టు, స్కాన్ చేసి పీడీఎఫ్, బ్రౌజర్‌లో పది టాబ్‌లు, మధ్యలో ఒక ఆన్‌లైన్ మీటింగ్, ప్రింటు. దీనికి గేమింగ్ లాప్‌టాప్ అక్కర్లేదు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. కానీ ఇవన్నీ ఒకేసారి తెరిచి ఉంచినా ఆగిపోకూడదు.

అక్కడే ర్యామ్ సంగతి వస్తుంది. ర్యామ్ అంటే కళ్లం, స్టోరేజ్ అంటే గాదె అనుకోండి. గాదె ఎంత పెద్దదైనా, కళ్లం చిన్నదైతే పని సాగదు. విండోస్ 11కి 4 జీబీ చాలని మైక్రోసాఫ్ట్ చెప్తుంది. అది ఆన్ అవడానికి చాలు. ఆన్ అవగానే అందులో సగం పైనే విండోస్ తనకే తీసుకుంటుంది. మిగిలిన చోట్లో బ్రౌజర్, ఎక్సెల్ కలిపి తెరిస్తే మౌసు గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. అందుకే 8 జీబీ తప్పనిసరి. తర్వాత 16కి పెంచుకోవడానికి ఖాళీ స్లాట్ ఉంటే ఇంకా మంచిది. కొన్ని మోడళ్లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తారు, దాన్ని పెంచలేం. ఇది అడిగి తెలుసుకోండి.

స్టోరేజ్‌లో ఎస్‌ఎస్‌డీ అని ఉండాలి, 256 జీబీ చాలు. తక్కువ ధర కొత్తవాటిలో కొన్నిటికి 64 జీబీ ఈఎంఎంసీ ఉంటుంది. అది బోర్డుకి అతికి ఉంటుంది కాబట్టి మార్చడం కుదరదు. విండోస్ అప్‌డేట్లకే చోటు చాలక ఇబ్బంది పెడుతుంది. పాత హార్డ్ డిస్క్ ఉన్న లాప్‌టాప్ మాత్రం పర్వాలేదు, దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ వేయించుకోవచ్చు.

ప్రాసెసర్ దగ్గరే ఎక్కువమంది మోసపోతున్నారు. స్టిక్కర్ మీద ఐ5, ఐ7 చూసి కొనొద్దు, పక్కనున్న నంబరు చూడండి. ఐ7-6600యూ అంటే 6వ జనరేషన్, అందులో 2 కోర్లే. ఐ5-8250యూ అంటే 8వ జనరేషన్, అందులో 4 కోర్లు. పేరుకి ఐ7 పెద్దది, పనికి ఐ5 ముందుంటుంది. ఇంకో ముఖ్యమైన కారణం ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపుగా 8వ జనరేషన్ నుంచే మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటుంది. 6, 7 జనరేషన్‌వి ఇప్పుడు చవగ్గా అమ్మేస్తున్నది అందుకే. రేపు జనం ఆధార్, బ్యాంకు వివరాలు మన చేతిలో పెడతారు. సెక్యూరిటీ అప్‌డేట్లు రాని మెషిన్‌లో అవి పెట్టుకోవడం న్యాయం కాదు.

మరి పాతది అంటే ఏది? పెద్ద కంపెనీలు ఉద్యోగులకి లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ ల్యాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్, ప్రోబుక్ లాంటివి ఇస్తాయి. మూడు నాలుగేళ్లు వాడాక ఒకేసారి అమ్మేస్తాయి. అవి బాగుచేసి షాపులకి వస్తాయి. సికింద్రాబాద్ సీటీసీలో ఇలాంటి షాపులు వరసగా ఉంటాయి. ఇవి రోజూ ఎనిమిది గంటల పనికి తయారైనవి. కీబోర్డు గట్టిది, మడతలు గట్టివి, స్పేర్ పార్టులు దొరుకుతాయి. 8వ జనరేషన్ ఐ5, 8 జీబీ, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నదానికి మేము వాకబు చేసినప్పుడు 15 నుంచి 20 వేల మధ్య చెప్పారు. రేట్లు మారుతుంటాయి, రెండు మూడు చోట్ల అడగండి.

ఇక్కడ మా రూంలోనే పెద్ద వాదన అయింది. "మనకి ఎప్పుడూ పాతవేనా? పుస్తకాలు సీనియర్లవి, ట్రంకు పెట్టె అక్కది, స్వెట్టర్ ఎవరో దానం ఇచ్చింది. మొదటిసారి సొంతంగా ఒకటి కొనుక్కుంటుంటే అది కూడా ఇంకొకరు వాడి వదిలేసిందేనా?" అని ఒకమ్మాయి అడిగింది. ఆ మాట తేలిగ్గా తీసేయలేం. అందులో డబ్బు కన్నా గౌరవం సంగతి ఎక్కువ ఉంది.

చాలాసేపు మాట్లాడుకున్నాక మాకు అనిపించింది ఇది. దానం తీసుకోవడం వేరు, పరీక్ష చేసి బేరమాడి కొనడం వేరు. సంతలో ఎద్దుని కొనేటప్పుడు మన తాతలు పళ్లు చూస్తారు, కాళ్లు చూస్తారు, నాలుగడుగులు నడిపించి చూస్తారు. అలా కొన్నవాడిని ఎవరూ పాత ఎద్దు కొన్నాడని అనరు, పశువుని చూడటం తెలిసినవాడు అంటారు. అవమానం ఎక్కడుందంటే, పనికిరానిదాన్ని కొత్త డబ్బాలో పెట్టి "మీకు ఇది చాలులే" అని చేతిలో పెట్టడంలో ఉంది. సంతలో తూకం దగ్గర మనవాళ్లు ఎంత నష్టపోయారో మనకి తెలుసు. ఇప్పుడు జీబీల లెక్క కూడా ఒక తూకమే. అది చదవడం మనకి రావాలి.

లాప్‌టాప్‌కి "పళ్లు చూడటం" ఇలా. షాపులోనే అరగంట కూర్చోండి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్‌కి వెళ్లి ప్రాసెసర్, ర్యామ్ మీ కళ్లతో చూడండి. విండోస్ యాక్టివేట్ అయిందో లేదో చూడండి. నోట్‌ప్యాడ్‌లో ప్రతి కీ నొక్కండి. యూఎస్‌బీ, కెమెరా, మైకు, వైఫై అన్నీ పరీక్షించండి. బ్యాటరీ కోసం కమాండ్ ప్రాంప్ట్‌లో ఇంగ్లీషులో పవర్‌సీఎఫ్‌జీ, ఒక స్పేస్, స్లాష్, బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి. ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ 50,000 ఉండి, ఫుల్ చార్జ్ కెపాసిటీ 25,000 ఉంటే బ్యాటరీ సగం చచ్చిందని అర్థం. వానాకాలం మన ఊళ్లలో కరెంటు సంగతి తెలుసు కదా, కొత్త బ్యాటరీ ఖర్చు బేరంలో తగ్గించమనండి. నెట్ పెట్టి రీసెట్ చేయించి చూడండి. పాత కంపెనీ లాగిన్ అడిగితే దాన్ని వదిలేయండి. సీరియల్ నంబరు రాసిన బిల్లు, కనీసం కొన్ని నెలల వారంటీ కాగితం మీద లేకుండా డబ్బు కట్టొద్దు. వీలైతే స్క్రీన్ 1920 బై 1080 ఉన్నది తీసుకోండి, ఎక్సెల్‌లో ఎక్కువ గడులు కనిపిస్తాయి.

35 వేల పైన పెట్టగలిగినవాళ్లకి కొత్తదే మంచిది. ఐ3-1215యూ లాంటి 12వ జనరేషన్, 8 జీబీ ఉంటే ఆఫీసు పనికి హాయిగా సరిపోతుంది. కానీ వారంటీలో మనిషి ఇంటికి వస్తాడా, మనమే సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్లాలా అని అడగండి. ఏజెన్సీ ఊళ్ల నుంచి విశాఖ వెళ్లి రావాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీలు పోతాయి.

ఈఎంఐ గురించి ఒక మాట. "నో కాస్ట్" అన్నా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఉండొచ్చు. మొత్తం డబ్బు కడితే వచ్చే డిస్కౌంట్ చాలాసార్లు పోతుంది. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో మన చేతిలో లేదు, కిస్తీ తేదీ మాత్రం ఆగదు. ఒక కిస్తీ తప్పితే ఫైన్ పడుతుంది, సిబిల్ స్కోరు దెబ్బ తింటుంది. రేపు చదువు లోనుకో, ఇంకో లోనుకో అదే అడ్డం వస్తుంది.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టక్కర్లేదు. లిబ్రే ఆఫీస్ ఉచితం, నెట్ లేకపోయినా పని చేస్తుంది. క్రాక్ చేసిన ఆఫీస్ వేస్తామంటే వద్దనండి, దాంతో వైరస్ కూడా రావచ్చు. తెలుగు టైపింగ్ యూనికోడ్‌లో నేర్చుకోండి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లోనే ఉంటుంది. మండలి, రామభద్ర లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. అను ఫాంట్లలో కొట్టింది, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో పిచ్చి అక్షరాల్లా కనబడుతుంది. ఆదిలాబాద్ గోండు తమ్ముళ్లు, చెల్లెళ్లకి ఇంకో సంగతి. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, దానికి ఉచిత నోటో ఫాంట్ ఉంది. మన భాషలో మనం టైపు చేసుకోవడం కూడా ఆఫీసు పనే.

చివరిగా రెండు పనులు అందరం కలిసి చేయాలి. ఒకటి, మా హాస్టల్‌లో లాగే చాలా చోట్ల కంప్యూటర్ గదికి తాళం ఉంటుంది. సాయంత్రం రెండు గంటలు తెరవమని, పాత కంప్యూటర్లకి ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ వేయించమని వార్డెన్‌కి, ఐటీడీఏ పీవో గారికి రాతపూర్వకంగా అడుగుదాం. అది జరిగితే టైపింగ్ నేర్చుకోవడానికే మేకలు అమ్మే అవసరం ఉండదు. రెండు, హైదరాబాద్, విశాఖలో ఉన్న సీనియర్లు నెలకి ఒక ఆదివారం ఇస్తే చాలు. మన ఊరి నుంచి ఎవరైనా లాప్‌టాప్ కొనడానికి వస్తే పక్కన నిలబడండి. సంతకి ఒంటరిగా వెళ్లిన మనిషికి ఒక ధర, నలుగురితో వెళ్లిన మనిషికి ఇంకో ధర.

వచ్చే నెల కొనేవాళ్లు మోడల్ నంబరు ఇక్కడ పెట్టండి. డబ్బు కట్టకముందే అందరం కలిసి చూద్దాం.